క్లచ్‌లో ఎయిర్ మూడుసార్లు తీసినా మళ్లీ పెడల్ కిందికి పోతోందా? గేర్‌బాక్స్ దించే ముందు పై సిలిండర్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2009 మోడల్ డీజిల్ ఇన్నోవా, 2 లక్షల 30 వేల కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్ పక్కనుండి ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను వదిలించే స్లేవ్ సిలిండర్ కారుతోందని రెండు వారాల క్రితం కొత్తది వేయించారు. అప్పటినుంచి మూడుసార్లు ఎయిర్, అంటే క్లచ్ ఆయిల్ పైపులో చిక్కిన గాలి, తీయించారు. తీసిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున మాత్రం పెడల్ సగం దాకా ఖాళీగా పోతుంది, నాలుగైదు సార్లు కొడితే గానీ రివర్స్ పడదు. ఇప్పుడు మెకానిక్ గేర్‌బాక్స్ దించి క్లచ్ సెట్ మొత్తం మార్చాలంటున్నాడు. దించమనాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే దించనివ్వకండి. మీరు చెప్పిన లక్షణాలు క్లచ్ ప్లేటువి కావు. ఎయిర్ లోపల ఇంకా మిగిలి ఉండాలి, లేకపోతే ఎక్కడినుంచో మళ్లీ లోపలికి వస్తూ ఉండాలి. కింద కొత్త సిలిండర్ పడింది, పైన పాతదే ఉంది కాబట్టి నా అనుమానం మొదట పైన పెడల్ దగ్గరుండి ఆయిల్‌ను కిందికి తోసే మాస్టర్ సిలిండర్ మీదే. ఆ తర్వాత ఎయిర్ తీసిన పద్ధతి మీద.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 1997లో హెల్పర్‌గా చేరాను. ఇప్పుడు సొంత షెడ్డు ఉంది. క్లచ్ ఎయిర్ తీయడం చిన్న పని అని చాలామంది అనుకుంటారు. బ్రేక్ ఎయిర్ తీయడం వచ్చినవాళ్లకు కూడా ఇది ఎందుకు తిప్పలు పెడుతుందో చెబితే, మీ బండిలో ఏం జరుగుతోందో మీకే తెలుస్తుంది.

పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ కిందికి పంపే ఆయిల్ చాలా తక్కువ. 15.87 మిల్లీమీటర్ల బోరు, 30 మిల్లీమీటర్ల స్ట్రోక్ అనుకుని లెక్క వేయండి, దాదాపు 6 మిల్లీలీటర్లు వస్తుంది. ఒక టీస్పూను కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆ 6 మిల్లీలీటర్లతోనే స్లేవ్ సిలిండర్ ఫోర్క్ అనే మీటను తోయాలి, క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు దాన్ని వదలాలి. దారిలో 1 మిల్లీలీటరు గాలి ఉంటే ప్రెషర్ పడగానే అది నలిగి దాదాపు ఏమీ మిగలదు. అంటే మీ కాలు తొక్కిన దాంట్లో ఆరో వంతు గాలిని నలపడానికే పోయింది. క్లచ్ పూర్తిగా వదలదు. ముందు గేర్ల కంటే రివర్స్ ముందుగా గర్రుమనేది అందుకే. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రోనైజర్ (గేరు పళ్ల వేగాలను కలిపే భాగం) ఉండదు. క్లచ్ కొద్దిగా పట్టుకుని ఉన్నా పళ్లు రాసుకుంటాయి.

ఇప్పుడు పైపు సంగతి. లోపలి రంధ్రం 4 మిల్లీమీటర్లు అనుకుంటే మీటరు పైపులో 12 మిల్లీలీటర్ల పైచిలుకు ఆయిల్ పడుతుంది. పెడల్ ఒక్కసారి తొక్కితే ఆయిల్ పైపులో అరమీటరు కూడా కదలదన్నమాట. పైపు మాస్టర్ దగ్గర ఎత్తులో మొదలై, ఎక్కడో ఒంపు తిరిగి, ఇంజిన్ పక్కనుంచి కిందికి దిగుతుంది. గాలి బుడగ ఆ ఎత్తైన ఒంపులో కూర్చుంటుంది. ఒకసారి తొక్కి, స్లేవ్ మీద గాలి బయటికి వదిలే నిప్పిల్ తెరిస్తే అరమీటరు కిందికి దిగుతుంది. నిప్పిల్ మూసి, పెడల్ లేపి, మళ్లీ తొక్కేలోపు నెమ్మదిగా పైకి పాకి పాత చోటికే చేరుతుంది. మీరు ఇరవైసార్లు చేసినా దానిది అదే దారి. బ్రేకుల్లో ఈ ఇబ్బంది తక్కువ. క్లచ్‌లో మాత్రం పని చేసేవాడు గంటసేపు కష్టపడి, నిప్పిల్ దగ్గర బుడగలు ఆగిపోయాయి కాబట్టి ఎయిర్ పోయిందనుకుంటాడు. బుడగ పైన అలాగే ఉంటుంది.

మరి నాలుగైదు సార్లు కొడితే పెడల్ ఎందుకు సెట్ అవుతుంది? గబగబా కొట్టినప్పుడు, కిందికి పోయిన ఆయిల్ వెనక్కి వచ్చేలోపే మాస్టర్‌కు ఆయిల్ ఇచ్చే డబ్బాలోంచి ఇంకొంచెం ఆయిల్ సిలిండర్‌లోకి చేరుతుంది. లైనులో ఆయిల్ పెరుగుతుంది, గాలి నలుగుతుంది, పెడల్ గట్టిపడుతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే పగలు నురగలా చెదిరిపోయిన చిన్న చిన్న బుడగలన్నీ ఒక్కచోట చేరతాయి. పొద్దున మొదటి తొక్కుడు అంత ఖాళీగా అనిపించేది అందుకే.

కొడితే బాగుపడుతోందంటే లోపం ఆయిల్ దారిలో ఉంది. ప్లేటు అరిగితే బండి జారుతుంది. ఇంజిన్ రేజ్ అవుతుంది, బండి కదలదు, ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. ఫోర్క్ వంగినా, ప్లేటు గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ మీద బిగుసుకున్నా క్లచ్ వదలదు, కానీ పెడల్ ఎన్నిసార్లు కొట్టినా ఏ మార్పూ ఉండదు. మీకు మార్పు కనిపిస్తోంది.

ఇప్పుడు మీరే చేయగల పరీక్షలు. చదునుగా ఉన్న ఖాళీ స్థలంలో, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని చేయండి.

బండి స్టార్ట్ చేసి, పెడల్ నాలుగుసార్లు కొట్టి, ఐదోసారి పూర్తిగా తొక్కి పట్టుకుని ఫస్ట్ గేరు వేయండి. హ్యాండ్ బ్రేక్ వదిలేసి కుడి కాలు బ్రేక్ మీద తేలిగ్గా సిద్ధంగా ఉంచండి. పెడల్ అస్సలు కదలనివ్వకుండా అర నిమిషం ఉండండి. ఆలోగా బండి మెల్లగా పాకడం మొదలుపెడితే, మాస్టర్ సిలిండర్‌లో సీలుగా పనిచేసే రబ్బరు కప్పు ప్రెషర్‌ను ఆపలేకపోతోందని అర్థం. ఆయిల్ కప్పును దాటి వెనక్కి, డబ్బాలోకి పోతోంది. బయట ఒక్క చుక్క కూడా కనపడదు, డబ్బాలో లెవెల్ కూడా తగ్గదు. లీకు లేదు కాబట్టి సిలిండర్ బాగుందని అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. స్లేవ్ కారుతున్నా ఇలాగే పాకవచ్చు, కానీ అప్పుడు కింద తడి తెలుస్తుంది.

తర్వాత టార్చి పట్టుకుని డ్రైవరు కాళ్ల దగ్గరికి వంగండి. పెడల్‌నుంచి మాస్టర్‌లోకి వెళ్లే రాడ్ చుట్టూ వేలు పెట్టి చూడండి. తడిగా, జారుడుగా ఉంటే కప్పు పోయింది. బానెట్ తెరిచి మాస్టర్ కింద రేకు మీద పెయింట్ చూడండి. క్లచ్‌లో కూడా వాడేది బ్రేక్ ఆయిలే, అది పెయింటును తినేస్తుంది. అక్కడ పెయింట్ ఉబ్బి పొరలుగా లేస్తుంటే అది చాలాకాలంగా కారుతున్నట్టే.

ఇంకో మాట. కప్పు అంచు లోపలి ప్రెషర్‌ను బయటికి పోకుండా ఆపేలా ఉంటుంది. పెడల్ వెనక్కి వచ్చేటప్పుడు లోపల కాస్త పీల్పు పుడుతుంది. అరిగిన కప్పు ఆ క్షణంలో బయటి గాలిని లోపలికి వదులుతుంది. ఆయిల్ బయటికి రాకుండానే గాలి లోపలికి పోవచ్చు. మూడుసార్లు తీసినా మళ్లీ పట్టేది చాలాసార్లు ఇలాగే.

మూడోది, ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు స్లేవ్ సిలిండర్ రాడ్ ఎంత కదులుతోందో స్కేలు పెట్టి చూడాలి. బండి కిందికి దూరాల్సిన పని కాబట్టి ఇంజిన్ ఆపి, గుంత మీదగానీ ర్యాంపు మీదగానీ చేయించండి. జాకీ ఒక్కటే పెట్టి ఎవరూ కిందికి వెళ్లవద్దు. నేను ఈ తరహా బండ్లలో 12 మిల్లీమీటర్ల కంటే తక్కువ కదిలితే ఆయిల్ దారినే అనుమానిస్తాను. రాడ్ పూర్తిగా కదులుతోంది, అయినా గేరు పడటంలేదు అంటే అప్పుడు గేర్‌బాక్స్ దించే మాట మాట్లాడవచ్చు. మీ మెకానిక్‌ను ఈ ఒక్క కొలత అడగండి. కొలవకుండా దించుదామంటే ఒప్పుకోకండి.

ఇక ఎయిర్ తీసే పద్ధతి. మాస్టర్ మార్చినా మార్చకపోయినా ఇది సరిగ్గా జరగాలి.

మొదట డబ్బా ఎక్కడుందో చూడండి. కొన్ని బండ్లలో క్లచ్‌కు విడిగా చిన్న డబ్బా ఉంటుంది. చాలా కార్లలో బ్రేక్ డబ్బా పక్కనుంచే ఒక రబ్బరు పైపు క్లచ్‌కు వెళ్తుంది. ఆ పైపును డబ్బాలో కావాలనే కొంచెం ఎత్తులో పెడతారు, క్లచ్ లీకైనా బ్రేకుకు ఆయిల్ మిగలాలని. అందుకే డబ్బా లెవెల్ తగ్గితే మొదట క్లచ్‌కే గాలి పడుతుంది. ఎయిర్ తీస్తూ డబ్బా ఖాళీ అయ్యేదాకా చూసుకోకపోతే బ్రేకులోకి కూడా గాలి పోతుంది. క్లచ్ పని అయ్యాక బ్రేక్ పెడల్ కూడా తొక్కి చూడకుండా బండి రోడ్డెక్కించవద్దు.

ఆయిల్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఇంజిన్ ఆయిల్ లాంటిది కాదు. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. ఆ రెండూ గ్లైకాల్ రకాలే. డాట్ 3 కొత్తది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 అయితే 230 దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక డాట్ 3కి అది 140కి, డాట్ 4కి 155కి పడిపోతుంది. డాట్ 5 అనేది సిలికాన్, వేరే జాతి. పేరు చూసి డాట్ 4 కంటే మెరుగైనదనుకుని పోయవద్దు. మూత తీసి నెలల తరబడి ఉంచిన సీసా కూడా వాడకండి. మా కృష్ణా తీరంలో వానాకాలం గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు, ఈ ఆయిల్ దాన్ని పీల్చుకుంటూనే ఉంటుంది. ఆ నీటితోనే సిలిండర్ గోడకు గుంటలు పడతాయి, ఆ గుంటలే కప్పు అంచును కోస్తాయి. రెండేళ్లకోసారి క్లచ్ ఆయిల్ కూడా మార్చమని నేను చెప్పేది అందుకే. బ్రేక్ ఆయిల్ మార్చిన బండ్లలో కూడా క్లచ్ లైను నల్లగా అలాగే ఉండటం ఎన్నిసార్లు చూశానో.

ఒకసారి పల్లెనుంచి ఒక బొలెరో వచ్చింది. మాస్టర్, స్లేవ్ రెండింటికీ రబ్బరు కప్పుల కిట్లు కొత్తవి, వేసి వారం కాలేదు. పెడల్ తొక్కితే వెనక్కి రాదు. విప్పి చూస్తే కప్పులు ఉబ్బి, మెత్తబడి సిలిండర్‌లో ఇరుక్కుపోయి ఉన్నాయి. కిట్ వేసేటప్పుడు సిలిండర్‌ను డీజిల్‌తో కడిగారట. ఈ రబ్బరుకు డీజిల్, పెట్రోల్, గ్రీజు, ఇంజిన్ ఆయిల్ ఏవీ పడవు. కడగాలన్నా, కప్పులకు రాయాలన్నా కొత్త బ్రేక్ ఆయిల్ ఒక్కటే. ఆ బండికి మళ్లీ రెండు కిట్లూ వేసి, పైపు మొత్తం కొత్త ఆయిల్‌తో రెండుసార్లు కడగాల్సి వచ్చింది.

సరే, పద్ధతికి వస్తాను. ఇద్దరితో చేసేది అందరికీ తెలిసిందే. నిప్పిల్‌కు సరిపోయే రింగ్ పానా, చేపల తొట్టికి వాడే పారదర్శకమైన పైపు, అడుగున కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసా. పైపు కొస ఆ ఆయిల్‌లో మునిగి ఉండాలి. పైన ఉన్నవాడు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకుంటాడు, కిందివాడు నిప్పిల్ పావు చుట్టు తెరిచి మూస్తాడు, మూశాక "వదులు" అంటాడు. ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. గబగబా పంపు కొడితే గాలి నురగై లైనంతా చెదిరిపోతుంది, అప్పుడు గంట ఆగడం తప్ప దారి లేదు. మూయకముందే పెడల్ వదిలితే కిందనుంచి గాలి లోపలికి పోతుంది. మూడోది ఎక్కువమందికి తెలియదు: పెడల్ పూర్తిగా పైకి వచ్చిందో లేదో చేత్తో లాగి చూడాలి. లైనులో గాలి ఉన్నప్పుడు పెడల్ సగంలోనే ఆగిపోతుంది. పూర్తిగా పైకి వస్తేనే మాస్టర్‌లో డబ్బాకు వెళ్లే చిన్న రంధ్రం తెరుచుకుని కొత్త ఆయిల్ కిందికి దిగుతుంది.

ఇలా చేసి పాత నల్ల ఆయిల్ పోయి కొత్తది వచ్చేదాకా తీయండి. ఆ తర్వాత కూడా పెడల్ ఖాళీగా ఉంటే ఇదే పని పదోసారి చేయవద్దు, తిరగేసి చేయాలి. మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి దొరుకుతుంది. దాంట్లో కొత్త ఆయిల్ నింపి, పైపులో గాలి లేకుండా చూసుకుని నిప్పిల్‌కు తగిలించి, నిప్పిల్ తెరిచి కిందనుంచి పైకి నెమ్మదిగా తోయాలి. గాలి తనంతట తాను పైకే పోవాలని చూస్తుంది, మీరు దాన్ని అటే పంపుతున్నారు. డబ్బాలో బుడగలు లేచి కనిపిస్తాయి. ముందుగా డబ్బాలో ఆయిల్ సగానికి తగ్గించుకోండి, లేకపోతే పొంగి పెయింట్ మీద పడుతుంది. పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి. లైను శుభ్రం చేయకుండా మాత్రం తిరగేసి చేయకండి. కింద పేరుకున్న మడ్డి అంతా పైకి వెళ్లి మాస్టర్‌లో ఆ సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది.

మీ బండికి స్లేవ్ గేర్‌బాక్స్ బయట ఉంటుంది కాబట్టి నాకు ఇంకా నచ్చే పద్ధతి ఒకటుంది. స్లేవ్ రెండు బోల్టులు విప్పి, పైపు ఊడదీయకుండా సిలిండర్‌ను చేతిలోకి తీసుకోండి. నిప్పిల్ పైకి ఉండేలా పట్టుకుని, నిప్పిల్ మూసే ఉంచి, రాడ్‌ను చేత్తో నెమ్మదిగా పూర్తిగా లోపలికి నొక్కండి. ఆయిల్, గాలి కలిసి పైకి డబ్బాలోకి వెళ్తాయి. మెల్లగా వదలండి. ఐదారుసార్లు చేస్తే చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. ఆ సమయంలో పొరపాటున కూడా ఎవరూ పెడల్ తొక్కకూడదు. ఆపే ఫోర్క్ లేదు కాబట్టి పిస్టన్ ఊడి బయటికి వచ్చేస్తుంది.

సిలిండర్ చేతిలో ఉన్నప్పుడే ఇంకొకటి చూడండి. కొన్ని స్లేవ్‌లలో పైపు రంధ్రం, నిప్పిల్ రంధ్రం పక్కపక్కనే ఉంటాయి, రెండింటి మరా ఒకటే కావచ్చు. మా షెడ్డుకు ఒక టాక్సీ ఇలాగే వచ్చింది, అప్పటికి రెండుచోట్ల ఎయిర్ తీయించుకుని విసిగిపోయాడు ఆ డ్రైవరు. కొత్త స్లేవ్ వేసేటప్పుడు పై రంధ్రానికి పైపు, కింది రంధ్రానికి నిప్పిల్ బిగించారు. గాలి సిలిండర్ పైభాగంలో కూర్చుని ఉంది, నిప్పిల్ కిందనుంచి స్వచ్ఛమైన ఆయిల్ వస్తోంది. రెండూ మార్చి బిగిస్తే పది నిమిషాల్లో పెడల్ నిలబడింది. మీ బండికి కూడా కొత్త స్లేవ్ పడ్డాకే గొడవ మొదలైంది కాబట్టి ఇది తప్పకుండా చూడండి.

మాస్టర్ మార్చాల్సివస్తే కిట్ వేయించాలా, మొత్తం సిలిండర్ మార్చాలా అని అడుగుతారు. ఇంత తిరిగిన బండికి నేను మొత్తం సిలిండరే వేస్తాను. గోడకు గుంటలు పడ్డ సిలిండర్‌లో కొత్త కప్పు ఎక్కువకాలం నిలవదు. క్లచ్ సెట్ ఖర్చు, గేర్‌బాక్స్ దింపే కూలీతో పోలిస్తే దీని ఖర్చు చాలా తక్కువ. కొత్త మాస్టర్‌ను బిగించే ముందే బయట బల్ల మీద ఆయిల్ పోసి, రాడ్‌ను మెల్లగా నొక్కుతూ దాంట్లో గాలి తీసేస్తే తర్వాత సగం శ్రమ తగ్గుతుంది. బిగించాక పెడల్ పైన చేత్తో నొక్కితే రాడ్ పిస్టన్‌ను తాకే ముందు కొంచెం ఖాళీ ఆట ఉండాలి. పెడల్ కిందికి పోతోందని కొందరు ఆ రాడ్‌ను పొడవు చేసి ఆటంతా తీసేస్తారు. ఒక కుటుంబం శ్రీశైలం వెళ్తూ దోర్నాల దాటాక ఘాట్‌లో బండి ఎక్కక ఆగిపోయింది. వాళ్లకు ముందు రోజు వేరే షెడ్డులో అదే చేశారు. డబ్బా రంధ్రం తెరుచుకోక, వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కు దారి లేక, క్లచ్ సగం తొక్కినట్టే ఉండిపోయి ప్లేటు కాలిపోయింది. పిల్లలతో అడవిలో మూడు గంటలు నిలబడ్డారు. ఎయిర్ తీయడానికి బద్ధకించి రాడ్ తిప్పడం నాకు ఎంతమాత్రం నచ్చని పని.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక హెచ్చరిక. అన్ని కార్లలో స్లేవ్ బయట ఉండదు. కొన్నిట్లో గేర్‌బాక్స్ లోపల, క్లచ్‌ను నొక్కి వదిలించే రిలీజ్ బేరింగ్‌తో కలిసి షాఫ్ట్ చుట్టూ ఉంటుంది. దాన్ని చేత్తో నొక్కే వీలు లేదు, కారితే గేర్‌బాక్స్ దించక తప్పదు, అప్పుడు క్లచ్ సెట్ కూడా కలిపి మార్చడం తెలివైన పని. అది కొత్తగా వేసినప్పుడు మొదట్లో పెడల్ దడదడ కొట్టకూడదు, సీలు దెబ్బతింటుంది. మెల్లగా, పూర్తిగా తొక్కుతూ ఎయిర్ తీయాలి. వ్యాక్యూమ్ పంపుతో నిప్పిల్ దగ్గర లాగేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోండి. నిప్పిల్ మర చుట్ల సందులోంచి గాలి లాగి పైపులో బుడగలు ఆగకుండా వస్తాయి. అవి లైనులోవి కావు, వాటిని చూసి కంగారుపడి సిలిండర్లు మార్చకండి.

పెడల్‌కు కర్ర ఆనించి రాత్రంతా తొక్కి ఉంచితే ఎయిర్ పోతుందని మీకు ఎవరో చెప్పారని రాశారు. పెడల్ కింద ఉన్నంతసేపూ డబ్బాకు వెళ్లే రంధ్రం మూసుకునే ఉంటుంది, గాలి పైకి పోయే దారే లేదు. దానికి బదులు పెడల్ పూర్తిగా పైకి వదిలేసి, పైభాగంలో ఒక అంగుళం మేర మాత్రం చిన్నగా ఇరవై ముప్పైసార్లు తట్టండి. మాస్టర్ దగ్గర చేరిన బుడగలు ఆ రంధ్రంలోంచి డబ్బాలోకి లేస్తాయి. డబ్బా మూత తీసి ఒకరు చూస్తుంటే కనిపిస్తుంది కూడా.

పని పూర్తయిన రోజు సాయంత్రం పెడల్ బాగుందని సంతోషపడి డబ్బులిచ్చేయకండి. బండి రాత్రంతా షెడ్డులోనే ఉంచమనండి. పొద్దున ఎవరూ పెడల్ ముట్టకముందే మీరు వెళ్లి, పంపు కొట్టకుండా ఒక్కసారి తొక్కి, స్టార్ట్ చేసి, రెండు మూడు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చప్పుడు లేకుండా పడితే బండి తెచ్చుకోండి. పడకపోతే అర నిమిషం పరీక్షలో ఏం కనిపించిందో, స్లేవ్ రాడ్ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో ఇక్కడ రాయండి, అక్కడినుంచి చూద్దాం.